మూడుసార్లు వచ్చిన ఖాళీ కార్డు

దయ్యాలనీ శకునాలనీ నేను ఏనాడూ నమ్మినవాణ్ణి కాదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. మదనపల్లెలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. మాది క్రైస్తవ కుటుంబమే, కానీ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను చర్చికి పోవడం మానేశాను.

మా అక్క భర్త పుంగనూరులో పాస్టరు. మేమిద్దరం కలిస్తే ఒకటే వాదన. భూమ్మీద ప్రాణం దానంతటదే పుట్టిందా, ఎవరైనా పుట్టించారా అని. కోట్ల ఏండ్లు గడిస్తే ఎంత అరుదైనదైనా ఎప్పుడో ఒకసారి జరగక తప్పదని నేననేవాణ్ణి. "ఊరికే పుట్టేదానికి ఇంత పొందిక యాడిదప్పా?" అని బావ నవ్వేవాడు. కోపాలు ఎప్పుడూ రాలేదు.

రెండేండ్ల కిందట జనవరి ఒకటో తేదీ మధ్యాహ్నం వాళ్ళింటికి భోజనానికి పోయాను. కొత్త సంవత్సరానికి చర్చిలో ఒక్కొక్కరి చేత వాగ్దానం కార్డు తీయిస్తారు. ఒకవైపు పూల బొమ్మ, ఇంకోవైపు బైబిలు వాక్యం. ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చే మాట అదేనని నమ్మకం. మిగిలిపోయిన కార్డులను బావ స్టీలు డబ్బాలో వేసుకొని ఇంటికి తెచ్చాడు.

నా మేనకోడలు గ్రేసు కుప్పంలో నర్సు. డ్యూటీ ఉండి ఆ రోజు చర్చికి రాలేకపోయింది. కళ్ళు మూసుకొని డబ్బాలోంచి ఒక కార్డు తీసింది. వాక్యం ఉండాల్సిన వైపు ఏమీ లేదు, తెల్లగా ఉంది. ప్రింటింగులో తప్పిపోయిందని అందరం నవ్వాం.

నాకు పాఠం చెప్పే బుద్ధి పుట్టింది. డబ్బా బోర్లించి లెక్కపెట్టాను. నూట యాభై కార్డులు. ఖాళీది అదొక్కటే. "మళ్ళీ లోపలేసి తియ్యి. ఈసారి రాదు సూడు," అని బాగా కలిపి ఇచ్చాను.

తీసింది. అదే వచ్చింది.

కార్డు మళ్ళీ లోపలేసి కలిపి, మూడోసారి డబ్బా నేనే పట్టుకున్నాను. గ్రేసు గోడవైపు తిరిగి, చెయ్యి మాత్రం వెనక్కి చాపి తీసింది. అదే. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంకోసారి తియ్యమన్నాను. అక్క నా చేతిలోంచి డబ్బా లాక్కుంది.

"సాలప్పా. యాల బిడ్డతో ఆటలు?"

బావ ఆ డబ్బా అందుకున్నాడు. వాక్యం ఉన్న కార్డు ఒకటి తనే వెతికి కూతురి చేతిలో పెట్టాడు.

ఫిబ్రవరిలో గ్రేసుకు జ్వరం పట్టుకుంది. ప్లేట్‌లెట్లు పడిపోతూ ఉంటే మదనపల్లెలో ఆసుపత్రికి తెచ్చారు. ఒక ఉదయం నేను పక్కన కూర్చొని ఉన్నాను.

"మామా, ఆ పొద్దు మూడుసార్లు వచ్చింది గదా. లెక్క ఎంతయింది?"

ఆ లెక్క నేను అదే సాయంత్రం వేసుకున్నాను. ముప్పై మూడు లక్షల డెబ్బై ఐదు వేలలో ఒకటి.

"పెద్దదేం కాదులేమ్మా. అట్ల జరుగుతా ఉంటాయి," అన్నాను.

నా మొహం కాసేపు చూసి, అటు తిరిగి పడుకుంది. మూడో రోజు మధ్యాహ్నం పోయింది. ఇరవై ఆరేండ్లు.

సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్ళకు ఆ డబ్బా అడిగి తెచ్చుకున్నాను. ఖాళీ కార్డును మిగతావాటి పక్కన పెట్టి కొలిచాను. సైజు, మందం, నునుపు, ఎక్కడా తేడా లేదు. కలిపి కలిపి ఐదు వందల సార్లు తీశాను. నాలుగుసార్లు వచ్చింది, వెంటవెంటనే మాత్రం ఒక్కసారీ రాలేదు. ఎవరు తీసినా రావాల్సింది ఇంచుమించు అంతే.

ఆ సంగతి బావకు చెప్పాను. అంతా దేవుని చిత్తం అంటాడనుకున్నాను.

"అది ఊరికే జరిగిందప్పా," అన్నాడు. "నువ్వు చెప్తావే, ఛాన్సు అని, అదే. కాదంటే నా బిడ్డకు ఖాళీ కాగితం ఇచ్చింది ఎవురనుకోవాల? అట్లాటోడికి నేను మోకరించలేను."

తర్వాత నావైపు చూసి, "ఛాన్సే కదప్పా?" అని అడిగాడు.

ఇరవై ఏండ్లుగా క్లాసులో నేను చెప్తున్నది అదే. ఔనంటే సరిపోయేది.

బావ ఇప్పటికీ ప్రతి ఆదివారం ప్రసంగం చేస్తున్నాడు. నేను అదే పాఠం చెప్తున్నాను. మేము కలిసినప్పుడు వాదించుకోవడం లేదు. ఆయన అడిగినదానికి నేను ఈ రోజుకూ జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోతున్నానో నాకే అంతుబట్టడం లేదు.