నిరీక్షణ మందిరం అయ్యగారు

మా పాస్టర్ ఆశీర్వాదం గారికి ఉన్నది ఒకటే జబ్బు. దేన్ని చూసినా "ఇక మన పని అయిపోయింది" అంటారు. కరెంటు పోతే అంటారు. వచ్చాక, ఎంతసేపుంటుందిలే అని మళ్లీ అంటారు. లోకంలో పాస్టర్లు జనానికి ధైర్యం చెబుతారు. మా అయ్యగారు ఉన్న ధైర్యం కూడా పట్టుకుపోతారు.

ఆయనది బాపట్ల వైపు. ఎప్పుడో పాతికేళ్ల కిందట ఎల్‌బీ నగర్ వచ్చి, విజయవాడ బస్సులు ఆగే చోటికి నాలుగడుగుల దూరంలో, నా ఫ్యాన్ల రిపేరు షాపు పక్కన రేకుల హాలొకటి కిరాయికి తీసుకున్నారు. నేను ఆ సంఘానికి పెద్దను. పెద్దను అంటే, ఆరాధన మధ్యలో ఫ్యాను ఆగితే స్టూలు ఎక్కేవాణ్ణి.

హాలుకు 'నిరీక్షణ మందిరం' అని పేరు పెట్టారు. అక్కడే దెబ్బతిన్నారు. బైబిలు తెలుగులో నిరీక్షణ అంటే ఆశ. బస్సుల కోసం నిలబడ్డవాళ్ల తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. ఎండాకాలం వస్తే చాలు, జనం బోర్డు చూసి సూట్‌కేసులతో, మామిడిపళ్ల బుట్టలతో లోపలికొచ్చి ఫ్యాను కింద సర్దుకునేవారు. ఒక ఆదివారం ప్రసంగం మంచి ఊపులో ఉండగా వెనకనుంచి ఒకాయన లేచాడు.

"సారూ, సూర్యాపేట బస్సు ఎప్పుడొస్తది?"

అయ్యగారు బైబిలు మూశారు. "రాదు నాయనా. వచ్చినా సీటుండదు. ఇక మన పని అయిపోయింది."

ఆ పూట బోర్డు మార్చేద్దామన్నాను.

"మార్చి ఏం చేస్తావ్? మనవాళ్లంతా సెలవులకి ఊళ్లెళ్లిపోయారు. వీళ్లు కూడా రాకపోతే కుర్చీలకి చెప్పనా?"

ఎండాకాలంలో ఆయన ప్రసంగాలు వింటే పాపులే కాదు, పరిశుద్ధులు కూడా నీరుగారిపోతారు. "విశ్వాసం ఆవగింజంత ఉన్నా చాలన్నారు ప్రభువు. ఈ ఎండకి నాదెప్పుడో చిటపటలాడి మాడిపోయింది. పొద్దున ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడి ప్రార్థన చేశాను. ట్యాంకరొచ్చింది. నా వంతొచ్చేసరికి నీళ్లయిపోయాయి. దేవుడు నా ప్రార్థన విన్నాడు గానీ, క్యూ చూసుకోలేదు." ఇంత చెప్పి, ఆమెన్ అని కూర్చునేవారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెళ్లి చేయించారు. హాల్లో ఏసీ మొరాయించింది. సూటులో పెళ్లికొడుకు చెమటలు కక్కుతున్నాడు. "ఓర్చుకో బాబూ. ఈ కష్టం ఇవాళ్టితో పోయేది కాదు" అన్నారు. పెళ్లికూతురి తండ్రి నన్ను పక్కకు లాగాడు.

"ఏందన్నా, మీకు వేరే పాస్టరు దొరకలేదా?"

అయ్యగారి భార్య లలితకుమారి గారికి మాత్రం ఇవేమీ కొత్త కాదు. "మా పెళ్లిచూపుల్లో నన్ను చూడగానే, ఇక మన పని అయిపోయింది అన్నారండీ. రెండు రోజులు ఏడ్చాను. నచ్చానని అర్థమని తర్వాత తెలిసింది" అని నవ్వేవారు.

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం హాల్లో ఒక మనిషి కూర్చుని కనిపించాడు. సంచీ లేదు, పెట్టె లేదు. బస్సు కోసమా అని అడిగాను.

"కాదన్నా. గీ ఎనక దవాఖానల నా భార్యకు గుండె ఆపరేషన్ అయితున్నది. ఆడ కూసుంటే ఊపిరాడుతలేదు. బోర్డు చూసి ఒచ్చిన."

పేరు బాల్‌రాజ్. ఉండేది మీర్‌పేట్. కొత్తపేట రైతుబజారుకు కూరగాయల ట్రాలీ ఆటో నడుపుతాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నేనిచ్చిన నీళ్ల గ్లాసు కూడా తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు. ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. అందరిదీ ఒకటే మాట, ఏం కాదు, ధైర్యంగా ఉండమని. ఒక్కో ఫోనుకూ మనిషి ఇంకాస్త కుంగిపోతున్నాడు.

అంతలో అయ్యగారు వచ్చారు. సంగతి చెప్పాను. ఈ ఒక్కసారికి మంచి మాటొకటి చెప్పించు తండ్రీ అని లోపల ప్రార్థన కూడా చేసుకున్నాను. ఆయన బాల్‌రాజ్ పక్కన కూలబడ్డారు.

"గుండె ఆపరేషనా! ఇక మన పని అయిపోయింది."

నా తల కొట్టేసినట్టయింది. బాల్‌రాజ్ తలెత్తాడు.

"ఏంది సారూ, గట్లంటరు?"

"నాకు భయంగా ఉందయ్యా. చూడు, చేతులెలా వణుకుతున్నాయో."

"మీరే భయపడితే ఎట్ల? డాక్టరు మంచోడు."

"మంచోడేలే. మధ్యలో కరెంటు పోతే?"

"జనరేటరున్నది సారూ!"

"అమ్మాయి తట్టుకోగలదంటావా?"

"ఎవరు, మా అంబికనా?" బాల్‌రాజ్ లేచి నిలబడ్డాడు. "మీకెరుకలేదు దాని సంగతి. ట్రాలీ బోల్తా పడితే నన్ను ఒక్కతే గుంజి బయటేసింది. ఉల్లిగడ్డ బస్తా ఒక్కతే దించుతది. గామెకేమైతది? జర ధైర్యంగుండుర్రి. ముందుగాల నీళ్లు తాగుర్రి."

అయ్యగారికి సగం తాగించి, మిగిలిన సగం తను తాగాడు. గంటన్నరసేపు ఆయన చెయ్యి వదల్లేదు. అంబిక గురించి చెబుతూనే ఉన్నాడు, చివరికి దవాఖాన నుంచి ఫోను వచ్చేదాకా. ఆపరేషన్ బాగా జరిగిందట. బాల్‌రాజ్ ఏడ్చాడు, అయ్యగారూ ఏడ్చారు. నేను స్టూలు ఎక్కి, తిరుగుతున్న ఫ్యానునే పరీక్షగా చూశాను.

అతను వెళ్లాక నేను కోపం ఆపుకోలేకపోయాను. "ఆ మాట నోటికెట్ల ఒచ్చింది అయ్యగారూ? ధైర్యం చెప్పాల్సిన మనిషికి చెప్పే మాటనా గది?"

"పొద్దుటి నుంచి అందరూ అతనికి చెప్పేవాళ్లే కదయ్యా. చెప్పించుకునేవాడు ఒక్కడూ లేడు. తన దగ్గర ఎంత ధైర్యముందో పాపం తనకే తెలీలేదు."

"అంటే, నటించిన్రా?"

"నటన నాకు చేతకాదు. నిజంగానే భయమేసింది. దాచుకోలేదు, అంతే."

నాకు అప్పుడు మా సంఘంలోని అమ్మాజీ గుర్తొచ్చింది. మొగుడు పోయాక నెల్లాళ్లు మంచం దిగని మనిషి, ఈయన వెళ్లి ఓ మూల కూర్చుని మూలుగుతుంటే చూడలేక లేచి టీ పెట్టింది. ఇన్నేళ్లూ ఈయన్ని వెక్కిరించినందుకు నా మీద నాకే సిగ్గేసింది.

ఇప్పుడు బాల్‌రాజ్ ప్రతి ఆదివారం వస్తున్నాడు. ముందు వరసలో కూర్చుంటాడు. పాట రాదు, బైబిలు తెరవడు. మొన్న ఉండబట్టలేక అడిగాను.

"ఏం బాల్‌రాజ్, మా మతంల కలుస్తవా ఏంది?"

"లేదన్నా. మా దేవుడు గుట్ట నర్సింహస్వామే."

"మరి వారం వారం ఎందుకొస్తున్నవ్?"

"అంబికనే పంపుతున్నది. పాపం గా పెద్దమనిషి ఒక్కడే ఎంత భయపడుతున్నడో, పోయి జర పక్కన కూసోని రా అంటది."