వినకుండా కలిపిన పెద్దమ్మ

మా పెద్దమ్మ మంగళవారం పొద్దున పోయింది. ఆ కబురు మేం కుర్రోళ్లం నడిపే ఇంటర్నెట్ పేజీలో పెట్టినాం. డోన్‌లో, కోడుమూరులో చూడబోయినవాళ్లకు అది తెరుచుకోలేదు. తెరుచుకోకుండా చేసింది మా దిక్కు కేబుల్ నెట్ నడిపే యజమాని. ఆయన బావమరిది నీళ్ల ట్యాంకర్ల దందా గురించి మేం రాసినామని, మా పేజీని తన వైర్లలో ఆపిపెట్టినాడు. ఆయన సొంత చానల్ పేజీ మాత్రం నొక్కితే చాలు, తెరుచుకుంటుంది. మా నోరు ఆపినాననుకున్నాడు. ఆపింది సావు కబురును.

పెద్దమ్మ నాకు రక్తసంబంధం కాదు, పక్కింటామె. డోన్ పాత టెలిఫోన్ ఆఫీసులో ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఈ ఊరి మాటను ఆ ఊరికి చేత్తో స్విచ్‌బోర్డులో ప్లగ్గు పెట్టి కలిపిన కాలం అది. కలిపి, "మాట్లాడండి" అని, హెడ్‌ఫోనును చెవి మీంచి పక్కకు జరిపేదంట. ఊరి గుట్టంతా ఆమె చేతుల మీదుగా పోయింది, చెవిలో మాత్రం పడలేదు.

రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఫోను లేనివాళ్లు ఆమె ఇంటికొచ్చి మాట్లాడుకునేవాళ్లు. నంబరు కలిపి, రిసీవరు చేతికిచ్చి, వక్కాకు నములుకుంటూ వాకిట్లోకి పోయి కనకాంబరాలకు నీళ్లు పోసేది. నీళ్లు దొరకని ఎండాకాలంలో ఉత్త చెంబు పట్టుకుని నిలబడేది.

నేను కరపత్రాలు చదివి పెరిగినోణ్ణి. కోపం ముందు, ఆలోచన తర్వాత. ఒకసారి కర్నూలులో ఒక కరపత్రం చేతికొచ్చింది. ఇంటర్నెట్ ఎవరి చేతిలో ఉండాలో దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకుంటున్నాయి, ఎవరి మాటనూ ఆపకుండా, తొంగిచూడకుండా, డబ్బిచ్చినవాడి మాటను ముందుకు తోయకుండా అన్ని దేశాలూ ఒప్పందం రాసుకోవాలని జనం అడుగుతున్నారు అని అందులో ఉంది. బస్సు దిగి నేరుగా పెద్దమ్మ ఇంటికి పరిగెత్తినా.

"ఏమప్పా కరపత్రాలోడా, ఈపొద్దు ఎవరి మీదికి దండయాత్ర?" అంది.

చదివి వినిపించినా. వక్కాకు ఒక బుగ్గకు తోసి చెప్పింది.

"ఇది మా బోర్డే కదప్పా. ప్లగ్గు కనపడదు, అంతే."

అప్పుడే ఆ పాత సంగతి చెప్పింది. శనక్కాయల షావుకారు ఒకాయన రేటు కనుక్కునేదానికి అర్జంటు కాల్ బుక్ చేసినాడు. కోడుమూరు నేతగాడు ఒకాయన కర్నూలు ఆసుపత్రికి మామూలు కాల్ బుక్ చేసి, టెలిఫోన్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. ఆ ఆసుపత్రిలో ఆయన కొడుకుకు ప్రాణం మీదికొచ్చింది, ఆపరేషనుకు తండ్రి మాట కోసం డాక్టర్లు కాచుకుని ఉన్నారు. ఉన్నది ఒకే లైను. పెద్దమ్మ నేతగాడికి కలిపింది.

"ఏమ్మా, అర్జంటుకు దుడ్లు కట్టింది నేను!" అని షావుకారు కేకలేసినాడంట.

"కట్టినావప్పా, లేదన్లే. నీ రేటు కాసేపు ఆగుతాది. ఆ బిడ్డ ఆగడు."

ఫిర్యాదు పోయింది. ఆమెను కోయిలకుంట్లకు మార్చినారు. "పోతే పోయినా. ఆడ శనక్కాయలోడి అరుపులు లేవు" అని నవ్వింది.

దేశాలన్నీ ఆ ఒప్పందం రాసుకోవాలని అడుగుతూ నేను తెలుగులో ఒక విన్నపం రాసినా. అందరి మాటా వరసలో పోవాల, ఎవరికీ ముందు లేదు, వెనక లేదు అని. పెద్దమ్మ చదివి తల అడ్డంగా ఊపింది.

"సావు, రోగం ముందు. తక్కినవన్నీ వరస. అట్లా రాయి."

"సందు వదిల్తే దొంగలు దూరతారు పెద్దమ్మా!"

"దూరతారు. అందుకే బోర్డు కాడ మంచి మనిషి ఉండాల. సంతకాలు పెట్టేటోళ్లు యాడో దూరాన ఉంటారు, ప్లగ్గు పెట్టేటోడు ఈడ ఉంటాడు. ఇద్దరూ కావాలప్పా."

గొడవపడి, చివరికి ఆమె చెప్పినట్టే రాసినా. మొదటి సంతకం ఆమెదే.

మా పేజీని ఆపినప్పుడు ఆమె మంచంలో ఉంది. నేను కటింగ్ ప్లేయరు జేబులో పెట్టుకుని కేబుల్ వైరు తెంపేదానికి బయలుదేరినా. జేబు ఎత్తు చూసి కనిపెట్టేసింది.

"అది ఈడ పెట్టు. వైరు తెంపితే నువ్వూ వానిలాంటోడివే. మన పని కలపడం."

పెట్టినా. అది ఇంకా ఆమె మంచం పక్క గూట్లోనే ఉంది.

పోయినాక, మా దగ్గర నంబర్లున్నవాళ్లకు ఫోన్లు చేసినాం. కానీ ఆమె ఎంతమందికి మాట కలిపిందో ఆ నంబర్లు ఎవరి దగ్గర ఉంటాయి? వేరే నెట్ ఉన్నవాళ్లైనా చూసి చెప్తారని, పేజీ ఒక్కటే దిక్కనుకున్నాం. బుధవారం మధ్యాహ్నం కోడుమూరు నుంచి ఒకాయన వచ్చినాడు. ఆసుపత్రిలో బతికి బయటపడిన ఆ నేతగాడి కొడుకు. ఇప్పుడు మగ్గం ఆయనదే. అప్పటికే అంతా అయిపోయింది.

"మా ఊరి నెట్ సెంటర్లో మీ పేజీ తెరుచుకోల్యా, అన్నా. దావలో కనపడినోళ్లు చెప్తే వచ్చినా" అన్నాడు. "పిడికెడు మన్ను ఏసే రాత కూడా ల్యాకపాయ నాకు."

చేతిలో ఆమెకని తెచ్చిన నూలు చీర మడత అట్లే ఉంది. ఆయన బతికింది వరస తప్పించి కలిపిన ఒక్క కాల్ వల్ల. ఆమె కబురుకు ఆ దారి కూడా లేకుండా పోయింది.

ఆ చీరను ఆమె కుర్చీ మీద కప్పినాం. విన్నపం తెచ్చి ఇస్తే, ఆమె సంతకం కిందనే ఆయన సంతకం పెట్టినాడు. ఆ కాగితం మీద మిగతా చోటు ఇది చదివే మీది. పెట్టినాక అందరం కలిసి కేబుల్ యజమాని ఆఫీసుకు నడుస్తాం. ఆ దూరదేశాల వాళ్లను అడిగిందే ఆయన ముఖం మీద అడుగుతాం. ఎవరూ కటింగ్ ప్లేయర్లు తేవద్దు, పెన్నులు తెండి.

మేం ఇది మాట్లాడుకుంటుండగా ఆమె ఇంట్లో ఫోను మోగింది. ఆమె కూతురు ఎత్తింది. ఎవరూ చెప్పకుండానే మేమంతా లేచి వాకిట్లోకి వచ్చి, కనకాంబరాల పక్కన నిలబడినాం. మగ్గమాయన అక్కడున్న చెంబు చేతిలోకి తీసుకున్నాడు.

లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. బయట గట్టిగా చెప్పదగింది ఇదొక్కటే: ఆదివారం పొద్దున పది గంటలకు, డోన్ పాత టెలిఫోన్ ఆఫీసు మెట్ల దగ్గరికి రండి.