కాలేజీ వెనక గునుగు

మా అక్క బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో ఉండగా కాలేజీ వెనకున్న ఒక ఖాళీ స్థలం కోసం పోట్లాడింది. ఓడిపోయింది. ఎనభైలు ముగియకముందే కామెర్లు వచ్చి చనిపోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనను. అయినా ఆమె గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ స్థలమే గుర్తొస్తుంది.

మేముండేది బొంబాయి కామాటిపురాలో, వరస గదుల తెలుగువాళ్ళ చాల్‌లో. రెండో అంతస్తు, ఖోలీ అనే ఒక్క గది, ఐదుగురం. తాతల కాలంలో పాలమూరు వైపు నుంచి ఇళ్ళు కట్టే పనికి వచ్చిన కుటుంబాలు మావి. నాయన ఇళ్ళకు రంగులు వేసేవాడు. మా వరండాలో సైన్సు చదివిన మొదటి ఆడపిల్ల అక్కే. ఆమె ఇంటరుకే ఆ కాలేజీలో చేరింది, మరుసటి సంవత్సరం నేనూ అక్కడే ఆర్ట్స్‌లో చేరాను.

కాలేజీలో ఎక్కడుంటారని ఎవరైనా అడిగితే ఇద్దరం నాగ్‌పాడా అనేవాళ్ళం. రోడ్డు దాటితే నాగ్‌పాడాయే. నాయన కూడా పనిచోట బొంబాయి సెంట్రల్ అనే చెప్పేవాడు. మా పేట పేరు వినగానే ఊళ్ళో అందరికీ ఒక్కటే తోచేది. ఆ గల్లీల్లో ఒళ్ళు అమ్ముకుని బతికే ఆడవాళ్ళు ఉన్నారు, పక్క గల్లీల్లో మాలాంటి సంసారాలు వందేళ్ళుగా ఉన్నాయి. ఆ రెండో సంగతి వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. పేరు దాచమని మాకెవరూ నేర్పలేదు. పైట సర్దుకోవడం ఎట్లా వచ్చిందో అదీ అట్లాగే వచ్చింది.

కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు వెనక, కాంపౌండు గోడ దాకా, పాత క్వార్టర్లు పడగొట్టిన నేల ఉండేది. ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి వానాకాలంలో అక్కడ తుమ్మి, ఉత్తరేణి, గరిక, అన్నిటికంటే ఎక్కువగా గునుగు మొలిచేవి. వానలు తగ్గేసరికి గోడ పొడుగునా తెల్లటి కంకులు నిలబడేవి. బోటనీ మేడమ్ మరాఠీ ఆవిడ. దాన్ని కుర్డూ అనేది, లేత ఆకు కూర వండుకుంటామని క్లాసులో చెప్పేది. మాకు అది బతుకమ్మ పువ్వు. బంతిపూలు దాదర్ పూల బజారులో ఎన్నైనా దొరికేవి. గునుగు ఎవరూ అమ్మరు. అందుకని మా చాల్ ఆడవాళ్ళు ఏటా పండగ ముందు కాలేజీ వెనక గేటు దగ్గరికి వెళ్ళి, వాచ్‌మన్‌ను బతిమాలుకుని, కోసుకుని వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో అక్క, నేను ఆ వైపు వెళ్ళేవాళ్ళం కాదు. అమ్మకు అది తెలుసు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాతి సంవత్సరాలవి. పర్యావరణం అనే మాట అన్ని కాలేజీల నోటీసు బోర్డుల మీదికి వచ్చింది. మా కాలేజీలో కూడా బోటనీ మేడమ్ నేచర్ క్లబ్ మొదలుపెట్టింది. అక్క దానికి సెక్రటరీ. అక్క ఉందని నేనూ పేరిచ్చాను. మొదట్లో మేం చేసిందల్లా మేడమ్ వెంట ఆ వెనక నేలలో తిరిగి, ఏ మొక్క మీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో చూడటమే. అక్క అక్కడ మనిషే వేరు. ఇంట్లో ఐదు మాటలు మాట్లాడని మనిషి అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు చెప్పేది. ఎమ్మెస్సీ చేస్తాననీ, ఇట్లాంటి వదిలేసిన నేలల మీదే పని చేస్తాననీ నాతో ఒకసారి అంది.

ఆ వానాకాలం నగరంలో ఏదో సంస్థ కాలేజీలన్నిటికీ పచ్చదనం పోటీ పెట్టింది. ప్రిన్సిపాల్ క్లబ్బును పిలిపించి, వెనక నేలంతా శుభ్రం చేసి లాన్ వెయ్యాలనీ, చుట్టూ కంచె మొక్కలు నాటాలనీ చెప్పాడు. క్లబ్బులో చాలామంది సంతోషించారు. అప్పటిదాకా చేసింది వాళ్ళకు పనిలాగే అనిపించలేదు. అక్క లేచి, లాన్‌కు ఏడాది పొడుగునా నీళ్ళు కావాలి, ఇప్పుడున్న మొక్కలకు ఎవరూ చుక్క పొయ్యనక్కర్లేదు, నీళ్ళకు కరువున్న ఊళ్ళో ఇది పర్యావరణం ఎట్లా అవుతుందని అడిగింది. మా చాల్‌లో నల్లా పొద్దున ఒక గంట వచ్చేది. ఆ మాట మాత్రం ఆమె చెప్పలేదు.

"పిచ్చి మొక్కలు చూపించి బహుమతి అడుగుదామా?" అన్నాడు క్లబ్ ప్రెసిడెంటు. అందరూ నవ్వారు.

"పిచ్చివి కావు. వీటితో పండగ చేసుకునేవాళ్ళున్నారు," అంది అక్క.

ఎవరు వాళ్ళు అని ప్రిన్సిపాల్ అడిగాడు. తెలంగాణ నుంచి వచ్చిన వాళ్ళు, ఈ ఊళ్ళో వేలమంది ఉన్నారని చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. అయితే పోటీ వాళ్ళు వచ్చిన రోజు ఆ పండగ చూపించు, వాళ్ళకు నచ్చితే ఆ గోడ పక్క భాగం ఉంచేద్దాం, నచ్చకపోతే మర్నాడే లాన్ పని మొదలు అన్నాడు. బోటనీ మేడమ్ అక్క భుజం తట్టింది.

ఇంటికి వస్తుంటే ఫోరస్ రోడ్ దాకా అక్క నాకంటే ముందు నడిచింది. ఆమె ఏం ఆలోచిస్తుందో నాకు తెలుసు. ఆ నేల నిలబడాలంటే అమ్మను కాలేజీకి తీసుకురావాలి.

ఆ సాయంత్రం వరండాలో ఆడవాళ్ళందరూ బియ్యం ఏరుతుంటే అక్క సంగతి చెప్పింది.

"మీ కాలేజోళ్ళకు మన బతుకమ్మతోటి ఏం పనే?" అంది అమ్మ.

"సూస్తరమ్మా. సూసి మంచిగుందంటే ఆ జాగ ఉంచుతరంట. లేకుంటే మొత్తం పీకేస్తరు."

"మేమేమన్న సర్కసోళ్ళమా? మరి టికెట్ పెట్టున్రి," అంది చివరి ఖోలీ ముసలవ్వ. "పాత చీర కట్టుకొస్తే మార్కులు తక్కువేస్తరా బిడ్డా?"

"నీకు చీర గాదు ముసల్దానా, పళ్ళు పెట్టియ్యాలె," అని పక్కింటి చిన్నమ్మ అంటే అందరూ నవ్వారు.

"మీ తాత రాళ్ళు మోసిండంట ఆ కాలేజ్‌కి. దొడ్డిదారి నుంచి తప్ప మనం లోపలికి పోయిందే లేదు. ఇగ ముందు గేటు నుంచి పోదాం, చల్," అంది ముసలవ్వ.

అమ్మ నవ్వలేదు. అందరూ లేచి వెళ్ళాక అక్కతో మెల్లగా అంది. "మమ్మల్ని ఎవరని చెప్తవే ఆడ?"

"పండగ చేసుకునేటోళ్ళని చెప్త."

"సరే. నువ్వు దూరమే ఉండు. మేం మా పని చేసుకుని వస్తం."



పోటీ వాళ్ళు వచ్చింది పండగ మొదటి రోజు, ఎంగిలి పూల బతుకమ్మ నాడే. అమ్మవాళ్ళు ఆరుగురు పెట్టెలోని చీరలు కట్టుకుని, బంతిపూల గంపలు, తాంబాళం పట్టుకుని నిజంగానే ముందు గేటు నుంచి వచ్చారు. గోడ పక్క చాప పరుచుకుని, అక్కడే గునుగు కోసుకుని, ఆకులు పరిచి వరసలు పేర్చడం మొదలుపెట్టారు. క్లబ్ పిల్లలు చుట్టూ మూగారు. కొందరు కంకులు కోసి అందించారు కూడా. లాన్ కోరిన ప్రెసిడెంటు సైతం, బాగుందే అన్నాడు. ఆ కాసేపు అక్క ముఖం చూసి, ఆ నేల మిగులుతుందనే నేను నమ్మాను. ఆమె క్లబ్ బ్యాడ్జి పెట్టుకుని మేడమ్ పక్కన, అమ్మకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

పోటీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. వెంట ఫోటోలు తీసే అతను. అక్క వాళ్ళకు అంతా ఇంగ్లీషులో చెప్పింది. ఈ మొక్క తనంతట తాను మొలుస్తుంది, నీళ్ళు అడగదు, దీని మీద ఇన్ని పురుగులు బతుకుతాయి, పండగ కాగానే ఇవన్నీ నీటిలో కలిసిపోతాయి, చెత్త అనేది మిగలదు. ఎక్కడా తడబడలేదు. పెద్దావిడ నిజంగా శ్రద్ధగా విని, చాప దగ్గర వంగి, ఎక్కడి నుంచి వచ్చారని ఆడవాళ్ళను హిందీలో పలకరించింది.

"ఆప్ లోగ్ కహాఁ సే ఆయీ హైఁ?"

అక్క నోరు తెరిచేలోపే ముసలవ్వ తల ఎత్తి, చాప మీద చోటు చూపించి చెప్పింది. "కామాటిపురా సే. ఆయియే నా బాయి, బైఠియే."

ఫోటోలు తీసే అతను కెమెరా దించాడు. వెనక ఎవరో మగపిల్లాడు గొంతులోనే నవ్వాడు. పోటీ వాళ్ళలో ఒకాయన ప్రిన్సిపాల్ వైపు తిరిగి, ఆడపిల్లలు చదువుకునే చోటుకు వీళ్ళనా తెచ్చారని ఇంగ్లీషులో అడిగాడు. ప్రిన్సిపాల్, నాకు తెలియదు, పిల్లల పని అన్నాడు. తర్వాత వాచ్‌మన్‌ను కేకేశాడు.

చిన్నమ్మ చివ్వున లేవబోయింది. "ఏమనుకుంటున్నరు వీళ్ళు? మేం సంసారులమని చెప్పే పోరీ!"

అమ్మ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఊకో. ఆళ్ళు మన పక్క గల్లోళ్ళే గదా. ఆళ్ళం కామని మొత్తుకుంటమా ఈడ?"

అప్పుడు అక్క నాలుగడుగులూ ముందుకు వేసి అమ్మ పక్కన నిలబడింది. "షీ ఈజ్ మై మదర్," అంది.

పెద్దావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క రెండు చేతులూ పట్టుకుంది. అలాంటి చోట పుట్టి ఇంతదాకా చదివావంటే ఎంత ధైర్యం నీది, మీ అమ్మ నీ కోసం ఎన్ని భరించిందో అని హిందీలో అంది. ఆ తర్వాత అమ్మ తల నిమిరింది. అమ్మకు హిందీ బాగా వచ్చు. ప్రతి మాటా అర్థమైంది. ఆ చెయ్యి తల మీద ఉండగానే ఇంకో వరస గునుగు పేర్చింది. మొదలుపెట్టిన బతుకమ్మను సగంలో వదిలి లేవకూడదని మా ఇంట్లో పట్టింపు. వాచ్‌మన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. పాపం, ఏటా చూసే ముఖాలు కాబట్టి నేల చూశాడు. అమ్మ చివరి వరస పెట్టి, పసుపు గౌరమ్మను నిలిపి, తాంబాళం ఎత్తుకుంది. ఆరుగురూ వెనక గేటు నుంచి వెళ్ళిపోయారు.

మర్నాడే పని మొదలైంది. క్లబ్ పిల్లలే గుంపులుగా వచ్చి పీకారు. గునుగుకు వేళ్ళు లోతుండవు, చేత్తో లాగితే వచ్చేస్తుంది. మధ్యాహ్నానికి నేల బోడిగా అయింది. తర్వాత లారీలో ఎర్రమట్టి తెచ్చి పోశారు, పైన గడ్డి చాపలు పరిచారు. బోటనీ మేడమ్ ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది. ఆమె అక్కతో ఏదో చెప్పబోయింది గానీ, అక్క నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంది.

ఎవరూ అక్కను అవమానించలేదు. అంతకంటే ఎక్కువే చేశారు. బెంచీలో ముందు చోటు వదిలేవాళ్ళు. పుస్తకాలు కావాలా అని అడిగేవాళ్ళు. ఆమె ఉన్నప్పుడు కొన్ని మాటలు ఆపేవాళ్ళు. సంజాయిషీ ఇస్తే సరిపోయేదేమో. మా అమ్మ అట్లాంటిది కాదు అని ఒక్క మాట. ఆ మాట అక్క అనలేదు. అమ్మ ఆ రోజు చాప మీద కూర్చుని ఏ మాట అనొద్దందో, దాన్ని తాను కాలేజీలో అనదల్చుకోలేదని నాకు అర్థమైంది. నన్నడిగిన వాళ్ళకు నేనూ చెప్పలేదు.

కాలేజీకి పోటీలో బహుమతి వచ్చింది. సభ పెట్టారు. ప్రిన్సిపాల్ అక్కను పిలిచి, ప్రకృతి నీ జీవితాన్ని ఎట్లా మార్చిందో వేదిక మీద చెప్పమన్నాడు. పెద్దావిడ ప్రత్యేకంగా అడిగిందట. అక్క అట్లాగే అని వచ్చి, మరుసటి రోజు నుంచి కాలేజీకి వెళ్ళడం మానేసింది. నాయన కోప్పడ్డాడు. అమ్మ ఒక్కసారే అడిగింది.

"నేను రాకుంటే మంచిగుంటుండె గదా బిడ్డా?"

"నువ్వు రాకున్నా పీకేటోళ్ళేనమ్మా," అంది అక్క. నిజమో కాదో ఇద్దరికీ తెలియదు.

అక్క ఒక మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్ళు అంటించే పనికి కుదిరింది. నేను డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ లాన్ పక్క నుంచే నడిచాను. దాని మీద నడవకూడదని బోర్డు ఉండేది. ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు తడిపేవాళ్ళు. వానాకాలం వచ్చినప్పుడల్లా గోడ మొదట్లో చూసేదాన్ని. గునుగు ఒక్కటి కూడా మళ్ళీ లేవలేదు. పైన పోసిన మట్టి మందమైంది.

తర్వాతి బతుకమ్మకు ముసలవ్వ మా గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. అక్క పని నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"గునుగు లేకుంటే ఎట్లనే? ఉత్త బంతిపూలతోటి బతుకమ్మ అయితదా? నీకు ఎరుకుంటది గదా బిడ్డా, ఇంకేడ మొలుస్తదో చెప్పు, మేమే పోయి తెంపుకుంటం."

అక్కకు తెలుసు. రైలు పట్టాల వెంట ఎక్కడెక్కడ ఉందో, మిల్లు గోడల పక్క ఏ మలుపులో ఉందో అంతకు ముందు సంవత్సరం నాకు చూపించింది. చెంబు కింద పెట్టి చీర కుచ్చిళ్ళు దించుకుంది.

"నాకేం తెల్వదవ్వా," అంది.