ఏ పడవదీ కాని పాట

మైకు సెట్టు అమ్మడం లేదండీ. ఊరందరికీ చెప్పాను, మీకూ చెబుతున్నాను. అడిగేవాళ్లు కూడా ఎలా అడుగుతారంటే, ముందు "అయ్యో, మంచి మనిషి" అంటారు, ఆ నోటితోనే "ఆ హారన్లు రెండూ ఇచ్చేస్తారా" అంటారు. కళ్లు తుడుచుకున్న తుండుగుడ్డ ఇంకా ఆరదు, బేరం మొదలు. మా బావ పోయి నెలన్నా తిరగలేదు.

బావంటే మా అక్క భర్త. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. ఆ రోజు ఎండ బాగా కాసింది. సరస్సు మీద చూపు ఆనినంత దూరం తెల్లగా, తేటగా ఉంది. అంటే ఆయనతో ఎవరికీ పని లేని రోజు. "మంచు లేని రోజు చూసుకోని పొయినాడబ్బయా, ఎవుర్నీ ఇబ్బంది పెట్టకుండా" అన్నాడు పక్కింటి పెద్దాయన. నాకు ఏడుపు ముందొచ్చిందో నవ్వు ముందొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

మా ఊరు దొరవారిసత్రం దాటి పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. మా వాళ్లంతా వల మీద బతికేవాళ్లే. చలికాలం తెల్లవారుజామున మంచు దిగిందంటే, పడవలో ముందు కూర్చున్నవాడికి వెనక కూర్చున్నవాడు కనపడడు. గట్టు ఏ పక్కో తెలీదు. ఒడ్డు నుంచి కేకేద్దామంటే మా దగ్గర ఒక పట్టింపు ఉంది. నీళ్ల మీదున్న మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. ఆ పేరు అతనొక్కడే వినడు, నీళ్లలో ఉన్నవాళ్లు కూడా వింటారు, వాళ్లలో ఎవరు పలుకుతారో చెప్పలేం అంటారు పెద్దలు.

అందుకని మా బావ పాటలు వేసేవాడు. ఒడ్డున రేకుల కొట్టంలో ఆయన మైకు సెట్టు ఉంటుంది. పెళ్లికీ అదే, తిరణాలకీ అదే. కానీ మంచు రోజుల్లో దాని పని వేరు. ఊళ్లో పడవ ఉన్న ప్రతి ఇంటికీ ఒక పాట ఇచ్చాడు. ఆ ఇంటివాళ్లు తమ పాట వినపడ్డ వైపు తెడ్డేసుకుంటూ వచ్చేస్తారు. కొత్త పడవ దించినవాళ్లు కొబ్బరికాయ కొట్టి, నేరుగా బావ దగ్గరికొచ్చి "మాకేం పాటిస్తావు మామా" అని అడిగేవాళ్లు. మా ఇంటికి ఆయనిచ్చింది తాగుబోతు పాట. మా నాన్న జన్మలో కల్లు ముంత ముట్టి ఎరగడు. "ఏంది బావా ఇది" అని నేను పోట్లాడితే, "మీ నాయనకి అదొక్కటే తక్కువ రా, ఆ లోటు నేను తీర్చినా" అన్నాడు. పాపం మా నాన్న బతికినన్నాళ్లూ ఆ తూలే పాట పట్టుకుని, తూలకుండా ఇల్లు చేరాడు.

ఇంకో పట్టింపు కూడా చెప్పాలి. ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు ఆ ఇంటి పాట వెయ్యరు. వేస్తే పోయినవాళ్లు కూడా ఒడ్డుకొస్తారని భయం. మా నాన్న పోయినప్పుడు ఆ తాగుబోతు పాట ఏడాది మూగగా ఉంది. అప్పుడుగానీ నాకా పాట మీద ప్రేమ పుట్టలేదు.

బావ మాత్రం నీళ్ల మీదికి పోయిన మనిషి కాదు. పడవెక్కితే వాంతి చేసుకునేవాడు. పొద్దస్తమానం కొట్టంలో కూర్చుని, అక్క తెచ్చిన టీ తాగి, గ్లాసు మైకు పెట్టె మీద బోర్లించేవాడు. ఆ పెట్టె మీద గుండ్రటి మచ్చలు చూస్తే చిరుతపులి తోలు గుర్తొస్తుంది. అవతల శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజు మా ఊరంతా తలెత్తి ఆకాశం చూస్తే, ఆయన హారన్ మీద చెయ్యి పెట్టి దాని వణుకు చూసేవాడు. "సౌండు బాగుండాది. పాటే లేదు" అని తీర్పు చెప్పి లోపలికి పోయేవాడు.

అక్కకి ఆయన మీదున్న ఫిర్యాదు ఒక్కటే. "ఊరందరికీ పాటలిచ్చినావు గదయ్యా, నాకేం ఇచ్చినావు?"

"నువ్వేమన్నా పడవా మే?"

"పడవకుండే పాటి ఇలువ గూడా లేదంటావా?"

"తప్పిపోతే గదా పిలిచేది! నువ్వు ఎప్పుడన్నా తప్పిపొయినావా?"

ఈ సంభాషణ పెళ్లయిన కొత్తలోంచీ నడుస్తోంది. పోయిన వానాకాలంలో మాత్రం ఆయనకి ఏమనిపించిందో, సూళ్లూరుపేటలో నా కొట్టుకొచ్చాడు. నాది సెల్‌ఫోన్లు బాగుచేసి, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే కొట్టు. "రే, మీ అక్కకి ఒక కార్డు చెయ్యాల. ఆమె పాటలన్నీ అందులో ఉండాల. ఆమెకి చెప్పబాక" అన్నాడు.

"ఏ పాటలు బావా?"

"చేపలు తోమేటప్పుడు ఒకటి ఉండాది. నామీద కోపమొస్తే ఇంకోటి. మీ అమ్మ గుర్తుకొస్తే వచ్చేది ఒకటి ఉండాది, దాన్ని నోరు తెరవకుండా ముక్కుతో పాడతాది. ఆమెకే తెలీదు."

అన్నేళ్లూ ఆయన ఊరందరికీ పాటలు వినిపించాడని అనుకున్నాం. ఇంట్లో ఆయన వినేవాడని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ పాటలు నా కంప్యూటర్లో నిమిషంలో దొరుకుతాయి. అని చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. తన పాత క్యాసెట్లు తనే వేసి, స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేసుకొచ్చాడు. ప్రతి పాటలోనూ ఒక కాకి. ప్రతి పాటలోనూ ఈయన దగ్గు. కోపం పాట మధ్యలో అయితే సాక్షాత్తూ మా అక్క గొంతే, "ఆ సౌండు తగ్గిస్తావా, నన్నొచ్చి తగ్గించమంటావా" అని.

"శుభ్రమైనవి ఎక్కిస్తాను బావా."

"శుభ్రమైన పాట ఎవురికైనా ఉంటాది. ఇది మీ అక్కది."

"మరి కార్డు ఆఖర్న ఒక పాటకి ఖాళీ ఉంచమన్నావు, ఎందుకు?"

"ఆడ ఆమె సొంత పాట రావాల. అది నా కాడ ఉండాదిలే."

"ఇన్నాళ్లకి ఇస్తున్నావన్నమాట."

"కొత్తగా ఇచ్చేదేముండాది?" అని నవ్వి, బస్సుకి టైమైందని లేచాడు. ఆయన మామూలుగా ఆడే వేళాకోళమే అనుకున్నాను. ఆ పాట తెచ్చివ్వకుండానే పోయాడు.

కర్మ ముగిశాక ఆ కార్డు ఒక చిన్న స్పీకరులో పెట్టి అక్కకిచ్చాను. ఇది బావ నీ కోసం చేసింది, ఆఖర్న నీకిచ్చే పాట రావాలి, అది తన దగ్గరే ఉందన్నాడు, అదొక్కటే రాలేదు అని చెప్పాను. గోడకానుకుని కూర్చుని అన్నీ వింది. "ఆ కాకి మన కాకే రా" అంది. ఆయన దగ్గినప్పుడల్లా ఆమె చెయ్యి నీళ్ల చెంబు కోసం కదిలింది. పాటలైపోయాయి. స్పీకరు అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది: "నా పాటేది రా?"

అప్పట్నుంచీ అదే మాట. నేను రోజుకో పాట పట్టుకెళ్లేవాణ్ని. పెళ్లినాటి పాట తెచ్చాను. కాదంది. ఆయనకి ఇష్టమైన పాట తెచ్చాను. "అది ఆయనది" అంది. నవ్వుతుందేమోనని గాడిద పాట తెచ్చాను. నవ్వలేదు. అన్నం కంచం ముందు పెట్టుకుని, "తన కాడే ఉండాదన్నాడంట గదా, యాడ పెట్టినాడో చెప్పకుండా పొయినాడే" అని తలుపు వైపు చూస్తూ ఉండేది. ఆయన ఇప్పుడే అలా బయటికెళ్లినట్టు.

అలాంటప్పుడు, నేను అక్క ఇంట్లోనే ఉండగా, ఒక తెల్లవారుజామున మంచు దిగింది. పక్కింటి పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. ఆయన ఇద్దరు కొడుకులూ నీళ్ల మీదే ఉన్నారు. "అమ్మా, ఏ క్యాసెట్టు ఎవురిదో నీకే గదా తెలుసు. మైకు తెరువు తల్లీ" అన్నాడు. బావ పోయాక ఆ కొట్టం తలుపు తీయడం అదే మొదలు. తీయగానే మాడిన వైరు వాసన, చుట్ట వాసన, రెండూ కలిపి మా బావ వాసన.

అక్క మీట నొక్కింది. మిషన్లో ముందే ఉన్న క్యాసెట్టు తిరిగింది. అది మాకందరికీ తెలిసిందే. మైకు తెరవగానే, ఏ ఇంటినీ పిలవక ముందు, బావ కాసేపు వేసే పాట. టెస్టింగు పాట అనేవాళ్లం.

పాట మొదలైంది. అక్క లేచి బయటికి నడిచింది.

"యాడికమ్మా? మా వోళ్లని పిలవాల గదా!" అన్నాడు పెద్దాయన.

"టీ పెట్టొస్తా" అంది అక్క. అని, గడప మీద ఆగిపోయింది. వెనక్కి తిరిగి హారన్ల వైపు చూసింది.

"అన్నా, ఈ పాట ఏ ఇంటిది?"

"అది ఎవురిదీ కాదు గదమ్మా. ఏ పడవకీ లేదు అది. ఉత్త టెస్టింగు."

"టెస్టింగుకైతే రెండు మాటలు చాలు గదా" అంది అక్క మెల్లగా. "ఇది ఇనపడితే నేను టీ పెట్టి తెస్తా ఉండాను. పెళ్లయిన కాడ్నించి. ఒక్కరోజు గూడా నన్ను టీ తెమ్మని అడగలేదాయన."

మంచులోకి ఆ పాట ఒక్కటే పోతూ ఉంది. ఊళ్లో మగవాళ్లందర్నీ పిలిచే ముందు, రోజూ ముందుగా ఆమెను పిలిచాడు. ఆమె రోజూ వచ్చింది కూడా. పిలుపని మాత్రం తెలీదు.

అక్క చెంగుతో ముఖం తుడుచుకుని, పెద్దాయన ఇంటి పాట వేసింది. తర్వాత మిగతా ఇళ్లవి వరసగా వేసింది. మంచులోంచి ఒక్కొక్క పడవ ముక్కు కనపడింది. అందరూ వచ్చేశారు. పెద్దాయన చిన్నకొడుకు వల దించుతూ అన్నాడు, "టెస్టింగు పాట ఇనపడంగానే మామ లేచినాడే అనుకున్నాం. ఆ దగ్గు గూడా ఇనపడె."

ఆ క్యాసెట్టులో దగ్గు లేదు. కొట్టంలో మేం ముగ్గురమే ఉన్నాం. మంచులో ఎవరైనా దగ్గుతారులెండి.

కొడుకులు ఇల్లు చేరాక పెద్దాయనకి పట్టింపు గుర్తొచ్చింది. "అమ్మా, అది మీ ఇంటి పాటని ఇప్పుడు తెలిసె గదా. ఏడాది దాకా ఎయ్యబాకు. తెలీకుండా ఏసింది వేరు. ఇంక ఏస్తే ఆయన ఒడ్డుకొస్తాడు."

అక్క క్యాసెట్టు వెనక్కి తిప్పుతూ, తల ఎత్తకుండా అంది. "వస్తే రానీ అన్నా. టీ ఉండాది."

ఆ పాట నేను కార్డులోకి ఎక్కించాను, బావ పద్ధతిలోనే, స్పీకరు ముందు ఫోను పెట్టి. కాకి పడింది. అలల చప్పుడు పడింది. పెద్దాయన సణుగుడు కూడా పడింది. దగ్గు కోసం వెతికాను. లేదు. ఉండదని తెలిసే వెతికాను.

ఇప్పుడు మంచున్నా లేకున్నా అక్క పొద్దున్నే ఆ పాట వేస్తుంది. రెండు గ్లాసులతో టీ పట్టుకెళ్తుంది. ఒకటి తను తాగుతుంది, ఒకటి పెట్టె మీద పెట్టి వచ్చేస్తుంది. చల్లారిన ఆ టీ పారబొయ్యడం నా పని. నిన్న వెళ్లేసరికి గ్లాసు ఖాళీగా ఉంది. పిల్లి అనుకున్నాను. కానీ పిల్లి టీ తాగితే తాగుతుంది, గ్లాసు బోర్లించి పెట్టదు కదా. కింద మచ్చ ఇంకా తడిగా ఉంది. అక్కే పెట్టిందేమో. అడగలేదు. అడిగితే కాదంటుందేమోనని.

ఈ నాలుగు ముక్కలూ అక్క ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. సరస్సు మీద మంచు ఇంకా విడవలేదు. అదుగో, హారన్లలో తాగుబోతు పాట. మా ఇంటిదే. నేనేమో నీళ్ల మీద లేను, పిలిస్తే పలికే దూరంలోనే ఉన్నాను. అయినా ఈ మధ్య అక్క నోటితో పిలవడం మానేసింది. ఇవాళ నేను కదలకపోయేసరికి పాట ఆపి మైకులో అంటోంది, "రే తమ్ముడా, సల్లారిపోతాది, రా." వెళ్లాలి. ఇక్కణ్నుంచి కొట్టం మసగ్గా కనపడుతోంది, పెట్టె మీద గ్లాసులు మూడున్నట్టున్నాయి, ఒకటి అక్కది, ఒకటి నాది, ఆ మూడోదాని మీంచి ఆవిరి ఎవరో ఊదుతున్నట్టు పక్కకి వంగుతోంది.