నీళ్లడిగిన చేయి

ఎంఏ సైకాలజీ రెండో సంవత్సరంలో డిసర్టేషన్ కోసం నాకొక మనిషి కావలసి వచ్చింది. తోటివాళ్లంతా కాలేజీ పిల్లలకు ప్రశ్నల కాగితాలు పంచి, టిక్కులు పెట్టించుకుని, వారం రోజుల్లో పని కానిచ్చేశారు. నేను మాత్రం లైబ్రరీలో బిహేవియర్ అనాలిసిస్ పుస్తకమొకటి చదివి, చేస్తే అదే చేస్తానని భీష్మించుకు కూర్చున్నాను. ఒక్క మనిషిని తీసుకోవాలి. ఆ మనిషి చేసే ఒక్క పనిని లెక్కపెట్టాలి. దాన్ని మార్చాలి, మారిందని గ్రాఫు కాగితం మీద చూపించాలి. మనసులో ఏముందన్న ఊహల జోలికి పోకుండా కంటికి కనిపించిందే రాసుకోవాలి. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఎవరి మనసులో ఏముందో మా ఇంట్లో రోజూ విని విని విసిగిపోయి ఉన్నాను. ఆ పద్ధతి తెగ నచ్చేసింది.

ఉప్పల్‌లో మా పక్కింటి నర్సమ్మ నాచారంలో తనకు తెలిసిన ఒక ఇంటికి తీసుకెళ్లింది. రెండు గదుల రేకుల ఇల్లు. జనగామ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తండ్రి మల్లాపూర్‌లో లేత్ మిషను మీద పని చేసేవాడు. తల్లి మందుల కంపెనీలో ప్యాకింగు, మధ్యాహ్నం షిఫ్టు. వాళ్ల కూతురికి ఎనిమిదేళ్లు, మాటలు రాలేదు. ఏదైనా కావాలంటే ఎడమ మణికట్టు కొరుక్కునేది. అక్కడ చర్మం కాయకట్టి, దాని మీద పుండు పడి, అది మానేలోపు మళ్లీ పళ్లు దిగేవి. దవాఖానాలో కట్టు కట్టి పంపించేవారట. కట్టుతో సహా కొరికేది.

మొదటి రెండు వారాలు లెక్కపెట్టడమే పని. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా కొరికినప్పుడల్లా ఒక గీత. నేను వెళ్లని రోజుల్లో తల్లి గీసేది. ఐదో తరగతి దాకా చదువుకుంది, గీతలు ముత్యాల్లా గీసేది. ఏ గీత దగ్గర ఏం ఇస్తే ఆగిందో చూస్తే ఒక సంగతి తెలిసింది. పిల్ల ఎక్కువసార్లు కొరుక్కునేది దాహమైనప్పుడే. కుండను తన్నేస్తుందని నీళ్లన్నీ ఎత్తు అరుగు మీద పెట్టేవాళ్లు, ఆమెకు అందేవి కావు. కొరికితే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి గ్లాసు అందించేవాళ్లు. కొరకడమే ఆమెకు అడగడం.

కాబట్టి కొరకడానికి బదులు అడగడం నేర్పాలి. బొటనవేలు నోటి దగ్గర పెట్టే సైగ నేర్పుతానన్నాను. తల్లి ఒప్పుకోలేదు.

"అది కల్లు తాగెటోళ్ల సైగ మేడం. రేపు చర్చిల గట్ల జేస్తె మా ఇజ్జత్ ఏం గావాలె?"

నిజమే, నేను చదివిన పుస్తకంలో కల్లు లేదు. చివరికి బోరింగు కింద నీళ్లు తాగేటప్పుడు పట్టినట్టు అరచేతిని దోసిలిలా వంచి పెదవులకు ఆనించడం ఖాయం చేసుకున్నాం. పిల్ల దాహంతో మసలగానే, కొరకక ముందే, నేను ఆమె కుడిచేయి పట్టుకుని వేళ్లు వంచి నోటి దాకా తీసుకెళ్లేదాన్ని. మూడు అంకెలు లెక్కపెట్టేదాన్ని. వెంటనే నీళ్లు, తల మీద రెండుసార్లు తట్టడం. మళ్లీ. మళ్లీ. ప్రతిసారీ పట్టికలో రాసుకోవాలి. టైము ఒక గడిలో, చేయి పట్టి చూపింది ఎవరన్నది ఇంకో గడిలో. ఆ గడిలో నా పేరో తల్లి పేరో ఉండేది.

ఐదో వారంలో, నేను చెప్పుల వారు విప్పుకుంటుండగా, పిల్ల తనంతట తానే దోసిలి పట్టింది. తల్లి గ్లాసు నిండా నీళ్లిచ్చి వంటగదిలోకి వెళ్లి ఏడ్చింది. నేను గీత గీశాను. సంతోషం నాకూ కలిగింది, కాని గీత గీయడం ముందు. నెల తిరిగేసరికి కొరికిన గీతలు పేజీకి రెండుమూడు మాత్రమే మిగిలాయి.

గ్రాఫు చూపిస్తే మా గైడు సారు పెదవి విరిచారు.

"బాగానే ఉందమ్మా. కానీ ఇది నీ శిక్షణ వల్లే తగ్గిందని రుజువేంటి? వయసు వల్ల తగ్గి ఉండొచ్చు కదా. రివర్సల్ చెయ్యి. ఒక వారం సైగకి నీళ్లివ్వడం మానెయ్యండి, కొరికితేనే ఇవ్వండి. కొరకడం మళ్లీ పెరిగితే అప్పుడు నమ్ముతారు."

పుస్తకంలోనూ అదే ఉంది. ఆ తర్వాత శిక్షణ మళ్లీ మొదలుపెడితే అలవాటు తిరిగి వస్తుందని కూడా ఉంది. అది లేకపోతే ఫస్ట్ క్లాసు రాదు, రాకపోతే రీసెర్చి సీటు లేదు. తల్లికి విడమరిచి చెప్పాను. ఆమె కూతురి చేతి వంక చూసి, ఒకటే అడిగింది.

"మళ్ల రాకపోతె?"

"వస్తదక్కా. పుస్తకంల ఉన్నది."

నన్ను చూడగానే పిల్ల సైగ చేస్తుంది కాబట్టి ఆ వారం నన్ను వెళ్లొద్దన్నారు సారు. శనివారం వెళ్లి గడపలోనే నోటుబుక్కు తీసుకున్నాను. పేజీల నిండా గీతలే. ఆ సాయంత్రమే ఎర్ర సిరాతో గ్రాఫు వేశాను. కింద పాకుతున్న గీత నిటారుగా పైకి లేచింది. సారు కళ్లజోడు సవరించుకుని, "అచ్చం మొదటి వారంలాగే ఉంది, భేష్!" అన్నారు. నేను ఉబ్బిపోయాను.

మళ్లీ సైగ నేర్పడం మొదలుపెట్టాలని సోమవారం వెళ్లాను. తలుపు తీసింది పిల్లే. ఎడమచేయి గడియ మీద ఉంది. మణికట్టు మీద పుండు లేదు, కొత్త చర్మం లేతగా మెరుస్తోంది. నోటుబుక్కు లెక్కన అక్కడ నెత్తురు కారుతూ ఉండాలి.

నాకు కోపం వచ్చింది. చేయి మానిందన్న సంతోషం కంటే ముందు కోపమే వచ్చింది. ఆ సంగతి దాచుకోను.

తల్లి బుకాయించలేదు. "మీకు గీతలు గావాలంటిరి, గీసిన. ఎన్ని గీయాల్నో తెల్వక మొదటి వారం పేజీలు సూసి దింపిన. ఇంటిముందు నిలవడ్డ ఎవలికైనా నీళ్లిస్తం. ఎనిమిదేండ్లకు నా బిడ్డ నీళ్లడిగింది మేడం. ఎట్ల ఇయ్యకుంట ఉంట?"

సారు మెచ్చిన గ్రాఫు ఆమె చూసిరాత. రెండు వారాల పేజీలు పక్కపక్కన పెట్టుకుని గ్రాఫు వేసింది నేను, పోల్చి చూడాలని తట్టలేదు. మనిషిని వదిలేసి కాగితాన్ని నమ్మాను.

అయినా బుద్ధి రాలేదు. వారం అక్కర్లేదు, ఈ ఒక్క పూట నేనే కూర్చుంటానన్నాను. తల్లి వెళ్లి బయట గడప మీద అటు తిరిగి కూర్చుంది. ల్యాబు నుంచి తెచ్చిన స్టాప్‌వాచ్ నొక్కాను.

మార్చి ఎండకు రేకులు కాలిపోతున్నాయి. కాసేపటికి పిల్ల వచ్చి దోసిలి పట్టింది. గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. రెండోసారి దోసిలి పట్టి, అరుగు మీది కుండ వైపు చూసి, నా వైపు చూసింది. నేను కదల్లేదు. మూడోసారి ఎడమచేయి పైకి లేచి నోటి దాకా వచ్చింది. నా పెన్సిలు పేజీ మీద సిద్ధంగా ఉంది. కొరికితే గీత, ఆ గీతతో నా ఫస్ట్ క్లాసు.

చేయి దిగిపోయింది. పిల్ల నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నా కుడిచేతిలోంచి పెన్సిలు తీసి పక్కన పెట్టింది. నా వేళ్లు ఒక్కొక్కటే వంచి దోసిలి చేసింది. మణికట్టు పట్టుకుని నా పెదవుల దాకా తెచ్చి, నేను ఆగినట్టే కాసేపు ఆగింది. నేను ఆ సైగ మరిచిపోయాననుకుంది. తర్వాత నా తల మీద రెండుసార్లు తట్టింది.

లేచి నీళ్లిచ్చాను. గటగటా తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. గడప మీద ఉన్న తల్లికి వినపడేలా, "అయిపోయిందక్కా, లోపలికి రా" అన్నాను.

రివర్సల్ లేకుండానే డిసర్టేషన్ ఇచ్చాను. ఆ వారం లెక్కలు చెల్లవని రాసి, ఎర్ర సిరా గ్రాఫు చించేశాను. సెకండ్ క్లాసు వచ్చింది. ఆ సోమవారం పేజీ మాత్రం పట్టికల్లోనే ఉంచాను. అందులో ఒకే ఒక్క వరుస. చేయి పట్టి చూపింది ఎవరన్న గడిలో పిల్ల పేరు ఉంది. సారు దాని చుట్టూ సున్నా చుట్టి, పొరపాటు, దిద్దుకోమని రాశారు. నేను దిద్దలేదు.