మొహం చూసి రాసిన ఊరు

మొన్న జనాభా లెక్కలకు ఒక టీచరమ్మ వచ్చింది. నా పేరూ వయసూ రెండేసిసార్లు గట్టిగా అడిగింది, చెవుడనుకుంది కాబోలు. పుట్టిన ఊరు మాత్రం అడగలేదు. నా తెల్లజుట్టునూ లాల్‌దర్వాజాలోని మా పాత గుమ్మాన్నీ ఒకసారి చూసి, 'హైదరాబాదు' అని రాసేసుకుంది. ఆ పెన్ను ఆగకుండా సాగడం చూసి నా గుండె కాస్త ఆగింది. అలాంటి కలం ఒకప్పుడు నా చేతిలోనూ ఉండేది.

నిజాం సంస్థానం రోజులు, ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోంది. అఫ్జల్‌గంజ్‌లోని ఒక దఫ్తరులో నేను కొత్త గుమాస్తాను. సర్కారు కొలువు కావాలంటే ముల్కీ కాగితం, అంటే 'నేనీ రాజ్యపు మనిషినే' అనే రుజువు ఉండాలి. ఇక్కడ పుట్టినవాడు ముల్కీ. బయట పుట్టినా, తండ్రి ఇక్కడ ఇన్నేళ్ళని కొలువు చేసి ఉంటే వాడూ ముల్కీయే. నేను ఆ రెండో దారిన దూరినవాణ్ణి. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలోని బందరులో పుట్టి, రెండేళ్ళప్పుడు నాన్న చంకనెక్కి వచ్చాను. నాన్న కొలువు లెక్కలో ఆర్నెల్లు తక్కువపడితే ఎవరో దయగలవారు కలిపేశారు. అలా చేరిన నాకు అప్పగించిన పని, ఇతరుల అర్జీలు రిజిస్టరులోకి ఎక్కించడం. అందులో 'వతన్' అని ఒక ఖానా, సొంత ఊరి గడి. "మొహం చూసి రాసెయ్ తమ్మీ, ఒక్కొక్కరిని అడుక్కుంట కూసుంటే పొద్దుగూకుతది" అని మా పై గుమాస్తా, పేష్కారు, తొలిరోజే విద్య నేర్పాడు.

మా ఎదురింటి భాయ్ హబ్షీ. ఆయన తాతను ఎప్పుడో సముద్రం అవతల ఆఫ్రికా నుంచి తెచ్చి గుర్రపు దళంలో పెట్టారు. తండ్రీ తనూ పుట్టింది మా గల్లీలోనే. నాకంటే మంచి తెలుగు ఆయనది, తిట్టడంలో మరీను. పొద్దున్నే గల్లీలో కుర్రాళ్ళందరి చేతా కసరత్తు చేయించేవాడు. దండేలు మూడోదానికే నేను నేలకు అతుక్కుపోతే, "లే పంతులూ, భూమి ఏడికి పోదు" అనేవాడు. సర్కారు బడిలో డ్రిల్లు మాస్టరు కావాలని ఆయన ఆశ. ఒక ఖాళీ పడింది, పదిహేను రోజులు గడువు. ముల్కీ కాగితం కోసం అర్జీ పట్టుకుని దఫ్తరుకు వస్తే, మన గల్లీ మనిషిని వరసలో నిలబెట్టడమేమిటని, "నువ్వు పో భాయ్, నేను రాస్త గద" అని దర్జాగా పంపేశాను. అదీ నా సాయం. కౌమ్, అంటే జాతి ఖానాలో 'హబ్షీ' అని రాశాను. పక్కనే వతన్ ఖానా. కలం తనంతట తానే 'హబష్' అని రాసింది, ఆఫ్రికాకు మా దఫ్తరులో అదే పేరు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయని మురిశాను కూడా. నా చేతిరాత బాగుంటే చాలుననుకునే వయసది. అందులో ఇంకొకరి తలరాత ఉంటుందని తోచలేదు.

నాలుగో రోజున అర్జీ తిరిగొచ్చింది. అడ్డంగా ఎర్ర సిరాతో 'గైర్ ముల్కీ', పరాయి దేశస్థుడు.

భాయ్ ఆ కాగితంతో మా అరుగు మీద కూర్చున్నాడు. కోప్పడితే బాగుండేది.

"తమ్మీ, నువ్వేడ పుట్టినవ్?"

"బందర్ల."

"నేను?"

నేను ఎదురింటి గుమ్మం వైపు వేలు చూపించాను.

"గీ హబష్ ఏ దిక్కుకుందో జర చెప్పు. నాకైతే ఎరకలేదు. పత్తర్‌గట్టి నుంచి టాంగా పోతదా?" అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "కానూన్ల ఈడ పుట్టినోడు ముల్కీ అనే ఉన్నది. మొహానికి ఖానా లేదు. ఆ ఖానా నువ్వెందుకు తెరిచినవ్?"

తప్పు నాదని రాసిస్తే చాలు, దిద్దుతారు. పేష్కారు మాత్రం, "నీ ఫైలు గూడ తీస్తరు, సోచాయించుకో" అని ఆలోచించుకోమన్నాడు. ఆ ఆర్నెల్లు గుర్తొచ్చాయి. ఎనిమిది రోజులు సోచాయించాను. భయానికి అది మర్యాదైన పేరు. తొమ్మిదో రోజున రాసిచ్చాను.

పెద్ద అధికారి పిలిపించాడు. "అడగకుండ ఎట్ల రాసినవ్?"

"మొహం చూసి, హుజూర్."

ఆయన నా మొహం చాలాసేపు చూశాడు. నా వతన్ అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. నాది అడగక్కర్లేని మొహం.

భాయ్ కాగితం వచ్చేసరికి గడువు దాటి, ఆ ఖాళీ నిండిపోయింది. మరో బడిలో ఖాళీ పడి ఆయన చేరడానికి రెండేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ ఆయన ఎవరివో గుర్రాలు తోముతూ, పొద్దున్నే మా చేత దండేలు తీయించాడు. నన్ను మాత్రం మళ్ళీ పంతులూ అని పిలవలేదు.

గుమ్మం దాటబోతున్న టీచరమ్మను వెనక్కి పిలిచాను. "అడగలేదు గానీ తల్లీ, నేను పుట్టింది బందరులో." ఆమె కొట్టేసి, పైన దిద్దింది. మొత్తం అరనిమిషం పట్టింది. ఆ అరనిమిషమే ఆనాడు నేను ఆదా చేసుకున్నది, భాయ్ బతుకులోంచి రెండేళ్ళు తీసి.