తాతకు నచ్చని దలా కల్లు

మా మనవరాలు కొత్త మొగుడితో కలిసి ఏదో చలిదేశంలో ద్రాక్షతోటలు చూసొచ్చింది. తోటతోటకీ తిప్పి, బుడగలు లేచే వైను గ్లాసులో గుక్కెడు పోసి రుచి చెప్పమంటారట. పైగా అందుకు డబ్బు కూడా పుచ్చుకుంటారట! "ఇవన్నీ నీకు తెలీవులే అమ్మమ్మా," అంది ఫొటోలు చూపిస్తూ. నాకా తెలీవు? దీని అమ్మ పుట్టకముందే రంగూన్‌లో అలాంటి యాత్రలు నేనెన్ని చేశానో!

అప్పటికి నేను చిన్నపిల్లని. నాన్న రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. మా అమ్మమ్మ పోయాక, అమ్మ పట్టుబట్టి తాతను శ్రీకాకుళం వైపు నుంచి రప్పించుకుంది. తాత పుట్టి బుద్ధెరిగి తాళ్ళు గీసి కల్లు దించినవాడు. రంగూన్‌లో దిగినప్పటినుంచీ ఒకటే పాట: "ఈ ఊరు నాకు పడదే. వొచ్చీ ఓడకి ఎలిపోతాను." అమ్మకు బెంగ పట్టుకుంది. వెళ్ళాడంటే ఆ వయసులో మళ్ళీ సముద్రం దాటి రాడు, కడసారి చూపైనా దక్కదు.

నాన్న ఆలోచించి ఆలోచించి, ఓ ఆదివారం పొద్దున్నే మమ్మల్నందరినీ సంపాన్ పడవెక్కించి ఏరు దాటించి, అవతలి ఒడ్డునున్న దలాలో ఓ తాటితోపుకి తీసుకెళ్ళాడు. అప్పుడే దించిన లొట్టిలో కల్లు బుసబుసా పొంగుతోంది. తోపు చూసుకునే బర్మా పెద్దాయన తాటాకు దొన్నెలో పోసి, ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి ఎంతో మర్యాదగా అందించాడు. తాత వాసన చూసి, ఓ గుటక వేసి చప్పరించాడు. మేమంతా ఆయన మొహమే చూస్తున్నాం.

"ఇదేటి కల్లు? సప్పిడి నీళ్ళు!"

రెండో చెట్టుది పులుపట. మూడోదానికి నురగే తప్ప రుచి లేదట. వాళ్ళు నడుముకి మోకుతాడు లేకుండా నిచ్చెన వేసుకుని చెట్టెక్కడం చూసి, "మోకు కట్టనోడి సేతికి కల్లొస్తాదేటి!" అని ఎకసెక్కం. పెద్దాయనకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఒక్కటైనా నచ్చనేదా అయ్యా?"

"నచ్చనేదు."

తిరుగు పడవెక్కాం. నది నడిమధ్యకు వచ్చాక తాతే అన్నాడు. "ఆ మూలనున్న రెండు సెట్లూ ఇంకా సూడనేదు. వొచ్చీ ఆదివారం ఎల్దాం."

"మరి ఓడో, మావా?" అన్నాడు నాన్న.

"ఓడకేటి? ఎప్పుడైనా ఒస్తాది."

తాత బతికున్నన్నాళ్ళూ దలా కల్లును ఒక్కసారీ మెచ్చుకోలేదు. కల్లు దొరికే రోజుల్లో ప్రతి ఆదివారమూ వెళ్ళడం, తాగడం, తిట్టడం. చివరికి మా ఇంట్లోనే, అమ్మ చేతుల్లోనే కన్నుమూశాడు. అప్పట్లో ముసలాయన చాదస్తమని నవ్వుకునేవాళ్ళం. ఆయన వయసు నాకూ వచ్చాక తెలుస్తోంది. ఉండిపోతానని నోరు విప్పి చెప్పలేని మనిషి, వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూనే తనకు మిగిలిన ఏళ్ళన్నీ మనకిచ్చేస్తాడు.